డెబ్బైరెండు మాస్టారి గుండెదడ

డెబ్బైరెండు మాస్టారికి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేరు గానీ, ఎందుకు పెట్టారో రేవు వీధిలో అందరికీ తెలుసు. ఆయన బ్యాండు మాస్టారు. బాకాలు, క్లారినెట్లు, ఇత్తడి తాళాలు, ఒక పెద్ద డ్రమ్ము, మొత్తం పదిహేడు మంది ఆయన చేతికర్ర చూసి వాయిస్తారు. పాట మొదలుపెట్టే ముందు ఆయన కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తన నాడి తానే చూసుకుంటారు. అది నిమిషానికి డెబ్బైరెండు సార్లు కొట్టుకుంటుంది. ఎండాకాలం డెబ్బైరెండు, చలికాలం డెబ్బైరెండు, పక్కింట్లో గ్యాసు సిలిండరు పేలిన రోజున కూడా డెబ్బైరెండే. ఆ దెబ్బ వేళ్ళకి అందగానే కర్ర లేస్తుంది, బ్యాండు కదులుతుంది. పెళ్ళికైనా, చావుకైనా, కొత్త ఓడ నీళ్ళలోకి దిగినా ముప్ఫై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

అలాంటి మాస్టారికి వైరల్ జ్వరం వచ్చింది.

జ్వరం అందరికీ వచ్చేదే. ఆ నెలలో వీధిలో సగం మందికి వచ్చింది, నాలుగు రోజులుండి పోయింది. మాస్టారి దగ్గర మాత్రం చుట్టంలా పదకొండు రోజులు తిష్ఠ వేసింది. ఆ పదకొండు రోజులూ ఆయన అక్క మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆవలిస్తూనే ఉంది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఆవలించింది, మాత్ర మింగిస్తూ ఆవలించింది. థర్మామీటరు నూటనాలుగు చూపించినప్పుడైతే దవడ పట్టేసేంత ఆవలింత తీసింది. ఆ మగతలోనే మాస్టారు కాస్త మనసు కష్టపెట్టుకున్నారు. తనిక్కడ చచ్చి బతుకుతుంటే ఈవిడకి నిద్రొస్తోందా అని.

అయినా అక్కని ఒక మాట అనడానికి ఆయనకి నోరు రాదు. అమ్మా నాన్నా పోయేనాటికి ఆయనకి పన్నెండేళ్ళు, ఆవిడకి పంతొమ్మిది. ఆవిడ రేవులో కూలీగా చేరింది, క్రేను నడపడం నేర్చుకుంది, ముప్ఫై నాలుగేళ్ళు ఆకాశంలో కూర్చుని కంటైనర్లు దించింది. గాలివానలో ఇరవై టన్నుల పెట్టె ఊగుతుంటే కింద ఉన్నవాళ్ళ గుండెల్లో రైళ్ళు పరిగెత్తేవి. పైన అద్దాల గదిలో ఆవిడ నోరంతా తెరిచి ఆవలిస్తూ కనపడేది. ఆ గుండెధైర్యం గురించి రేవులో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

పెళ్ళి సంగతికొస్తే, తమ్ముడు స్థిరపడ్డాక చేసుకుంటానని అక్క, అక్కకి అయ్యాక చేసుకుంటానని తమ్ముడు. ఇద్దరూ మర్యాదకి పోయి ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు, చూస్తుండగా నలభై ఏళ్ళు గడిచిపోయాయి. పదిహేనో ఏట తమ్ముడు ఒక సొట్టల బాకా చంకలో పెట్టుకుని అక్కకి మాటిచ్చాడు, నీ పెళ్ళికి బ్యాండు నేనే నడిపిస్తానని. ఆ మాట అటకెక్కి దుమ్ము పట్టి ఉండగా, అరవై ఒకటో ఏట అక్కకి పెళ్ళి కుదిరింది.

పెళ్ళికొడుకు మొక్కల నర్సరీ నడుపుతాడు. భార్య పోయి పదేళ్ళయింది, మాట నెమ్మది. అక్క రిటైరయ్యాక ఆయన దగ్గర వారానికొక మొక్క కొనేది, వారం తిరక్కుండా దాన్ని చంపేది, మళ్ళీ వెళ్ళేది. మూడేళ్ళు ఓపిక పట్టి చివరికి ఆయనే అన్నాడు, "మీరే వచ్చి మా ఇంట్లో ఉంటే నా మొక్కలు కొన్నయినా బతుకుతాయండీ" అని. అక్క ఆయన ముఖం మీదే ఆవలించి, సరేనంది. పాపం, ఆ ఆవలింతకి ఆయన రెండు రోజులు నొచ్చుకున్నాడట.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, అక్కణ్ణుంచి రేవు కార్మికుల హాలు దాకా నాలుగు వందల అడుగులు బ్యాండుతో నడక, ఆ తర్వాత భోజనాలు. అక్క అడిగింది ఆ నడక ఒక్కటే. అందులోనూ చిక్కుంది. ఆవిడకి మోకాలు మార్చి మూడు నెలలే అయింది. జ్వరానికి ముందు మాస్టారు ఇంటి వసారాలో కూనిరాగం తీస్తుంటే అక్క కర్ర పట్టుకుని నడిచి చూసింది. డెబ్బైరెండు మీద కొత్త మోకాలు చక్కగా, చెప్పిన మాట విని, అడుగు తర్వాత అడుగు వేసింది. "ఇంతకంటే తొందరైతే నా వల్ల కాదురా" అని అప్పుడే చెప్పేసింది.

జ్వరం తగ్గాక మాస్టారు మళ్ళీ కర్ర పట్టేనాటికి పెళ్ళికి ఆరు వారాలుంది.

ఆ రోజు రిహార్సల్లో ఆయన మామూలుగానే మణికట్టు పట్టుకున్నారు, మామూలుగానే కర్ర ఎత్తారు. బ్యాండు మాత్రం కుక్క తరిమినట్టు పరిగెత్తింది. క్లారినెట్ల వాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక కళ్ళు తేలేశారు. పాట అయిపోయాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారే గానీ ఎవరూ నోరు మెదపలేదు. ఆ బ్యాండులో ఒక పాత చట్టముంది. మాస్టారి లయని ప్రశ్నించినవాళ్ళు పదిహేడు వాయిద్యాలూ ఒక్కళ్ళే తోమాలి. పెద్ద డ్రమ్ము వాయించే దర్జీ ఆవిడ, ఎవరికీ పిన్ని కాకపోయినా అందరూ డ్రమ్ము పిన్ని అనే ఆవిడ, ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గుకి అర్థం మాస్టారికి తెలియలేదు. నిజానికి ఆయనకి ఆ పూట ఎంతో హుషారుగా ఉంది. ఒళ్ళు తేలిపోతోంది, కళ్ళ ముందు వెండి చుక్కలు ఆడుతున్నాయి. జ్వరంతో పాటు పాత బద్ధకం కూడా వదిలిపోయిందనుకున్నారు. ఇంటికెళ్ళి బూట్లు విప్పకుండా పడుకుంటే మర్నాడు పదింటికి లేచారు.

పిల్లి మెడలో గంట ఎవరూ కట్టకపోతే ఏమవుతుందో రేవు గుమాస్తా అంతిమయాత్రలో తేలింది. గుమాస్తా ముసలాయన, మంచివాడు, నిదానస్థుడు. మాస్టారు మణికట్టు పట్టుకుని, శోకగీతం మొదలుపెట్టించారు. శవపేటిక మోసేవాళ్ళు మొదట పెద్ద అడుగులు వేశారు, తర్వాత చిన్న పరుగందుకున్నారు, మలుపు తిరిగేసరికి నిజంగానే పరిగెత్తుతున్నారు. వెనకాల చుట్టాలు చెప్పులు చేత్తో పట్టుకున్నారు. తీరా అక్కడికి చేరితే గొయ్యి తవ్వేవాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. గుమాస్తా భార్య రొప్పుతూ వచ్చి పేటిక మీద చెయ్యి వేసింది.

"బతికుండగా ఒక్క చోటికి టైముకి వచ్చిన పాపాన పోలేదు. ఇవాళ పావుగంట ముందొచ్చాడు" అంది.

అందరూ ఏడవాల్సిన చోట నవ్వారు, ఆవిడతో సహా. మాస్టారు కూడా నవ్వుదామనుకున్నారు గానీ ఆయన అప్పటికే పక్కనున్న బండరాయి మీద చతికిలబడి ఉన్నారు, లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే అక్క వసారాలో నిలబడి, ఏదీ ఆ పాట తియ్యి అంది. మాస్టారు లేచి నిలబడి, మణికట్టు పట్టుకుని కూనిరాగం తీశారు. అక్క నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది.

"ఒరేయ్, ఇది పెళ్ళి నడకా, ఇల్లంటుకుంటే పారిపోయే నడకా?"

"నాకు సరిగ్గానే ఉందే."

"ఏదీ, చెయ్యి ఇలా తే."

తమ్ముడి చెయ్యి లాక్కుని, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టింది. లెక్క పూర్తయ్యాక పెద్దగా ఆవలించింది.

"నూటపద్దెనిమిది" అంది. "రేపు డాక్టరు దగ్గరికి పోతున్నాం."

డాక్టరమ్మ చిన్నపిల్ల, అయినా ఓపికున్న పిల్ల. ఈసీజీ తీయించింది, రక్తం తీయించింది, గుండెకి స్కానింగు చేయించింది. మాస్టారిని పడుకోబెట్టి నాడి చూసింది, డెబ్బై ఎనిమిది. కూర్చోబెట్టి చూసింది, ఎనభై ఆరు. నిలబెట్టి చూసింది, నూటపద్దెనిమిది, కాసేపటికి నూటపాతిక, మళ్ళీ నూటపది.

"గుండెలో లోపం ఏమీ కనపడట్లేదండీ" అంది. "జ్వరం వెళ్ళిపోయింది, ఆ సంగతి మీ ఒంటికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అంతే. వైరల్ జ్వరాలు వచ్చి తగ్గాక కొంతమందికి ఇలా దడ, నీరసం ఉండిపోతాయి."

"ఎన్నాళ్ళమ్మా?"

"వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. నీళ్ళు బాగా తాగండి. మంచం మీంచి గబుక్కున లేవకండి, కూర్చుని, కాసేపాగి, అప్పుడు లేవండి. రోజూ కొంచెం కొంచెం నడక పెంచుకోండి. ఒంటితో పందెం మాత్రం వేసుకోకండి, మళ్ళీ మొదటికొస్తుంది."

"ఐదు వారాల్లో మా అక్క పెళ్ళి. నిలబడి నాలుగు వందల అడుగులు బ్యాండు నడిపించాలి."

అక్క ఆవలించింది. "మీకు నిద్ర సరిపోవట్లేదా అండీ?" అని డాక్టరమ్మ ఆవిణ్ణి అడిగింది. "నాకేం తల్లీ, నేను శుభ్రంగా ఉన్నాను" అంది అక్క.

ఆ రోజు నుంచి ఇల్లు బస్టాండులా తయారైంది. మెట్ల మలుపులో ఒక స్టూలు, వంటింటి గుమ్మంలో ఒక స్టూలు, స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు, ఎక్కడ చూసినా కూర్చోవడమే. మాస్టారు చొక్కా గుండీలు మూడు పెట్టుకుని విశ్రాంతి తీసుకుని మిగతా మూడు పెట్టుకునేవారు. పళ్ళు తోముకుని అలసిపోయి పడుకునేవారు. తల దువ్వుకోవడం పెద్ద పనుల జాబితాలో చేరింది. లేచి నిలబడితే ఒంట్లో ఎవరో పెళ్ళివారు దిగినట్టు హడావిడి, పడుకుంటే అంతా సద్దుమణిగేది. ఆ తేలిపోవడంలో ఒక్కోసారి ఆయనకి ఊరికే నవ్వొచ్చేది. రేడియోలో వార్తలు విన్నా నవ్వొచ్చేది.

నవ్వు ఆగాక భయం వేసేది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. లోకంలో తనకంటూ ఉన్న ఆస్తి ఆ డెబ్బైరెండు ఒక్కటే. అది పోయాక తను ఎవరు? నలభై ఏళ్ళ కిందట అక్కకిచ్చిన ఒకే ఒక్క మాట, దాన్ని కూడా నిలబెట్టుకోలేకపోతే ఆవిడ పెంచిన పెంపకానికి తను ఏం తిరిగిచ్చినట్టు? ఈ రెండు ప్రశ్నలూ ఆయన్ని చెవిలో జోరీగల్లా వదల్లేదు.

డ్రమ్ము పిన్ని చూడ్డానికి వచ్చింది. ఎవరో చెప్పగా సంగతంతా బ్యాండుకి తెలిసిపోయింది, తోమే శిక్ష తప్పిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారట.

"పోనీ రెండు దెబ్బలకొకటి లెక్కపెట్టండి మాస్టారూ, సగానికి సగం తగ్గుతుంది" అంది.

"ఒక్క చోట నిలబడితేగా పిన్నీ సగం చెయ్యడానికి. ఇప్పుడు నూటపది, అటు తిరిగితే నూటపాతిక. కోతిని తక్కెట్లో పెట్టి తూచినట్టుంది."

అప్పుడు పిన్ని సంచీలోంచి ఒక చిన్న యంత్రం తీసింది. నంబరు తిప్పి పెడితే టిక్కు టిక్కుమని లయ కొట్టే యంత్రం. మాస్టారు దాన్ని చచ్చిన ఎలుకని చూసినట్టు చూశారు. అయినా గత్యంతరం లేక రిహార్సల్లో డెబ్బైరెండుకి తిప్పి పెట్టారు. లయ తప్పలేదు, కానీ పాట పిన్నిగారి కుట్టుమిషను మీద వాయించినట్టు వచ్చింది. మూడో పాటలో బ్యాండు ఎదురుచూస్తుంటే కర్ర లేవలేదు. టిక్కు టిక్కు వింటూ మాస్టారు నిలువునా నిద్రపోయారు.

పెళ్ళి మూడు వారాల్లోకి వచ్చింది. మాస్టారు ఒకరోజు కర్రని గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి, అక్క ముందు పెట్టారు.

"పిన్నికి ఇచ్చెయ్యక్కా. ఆవిడ నడిపిస్తుంది. నేను హాల్లో కూర్చుని నీ కోసం చూస్తుంటాను."

అక్క ఆ కాగితం వంక చూసి ఆవలించింది. పక్కనే నర్సరీ ఆయన టీ తాగుతూ ఉన్నాడు. అక్క చంపేయబోతున్న ఒక మొక్కని చూసిపోవడానికి వచ్చాడు ఆయన.

"మీరు నిలబడితేనే కదండీ గుండె పరిగెత్తేది" అన్నాడు నెమ్మదిగా. "కూర్చుంటే బాగానే ఉందిగా?"

"కూర్చుని బ్యాండు నడిపించే మాస్టార్ని ఎక్కడైనా చూశారా బావగారూ?"

"చూళ్ళేదు. నా దగ్గర కుండీల బండి ఉంది. నాలుగు చక్రాలు, వెనక పొడుగు పిడి. మిమ్మల్ని అందులో వెనక్కి తిప్పి కూర్చోబెడతాం. మేమిద్దరం పిడి పట్టుకుని తోస్తాం. మీ అక్కగారి మోకాలికి కూడా పిడి ఆసరాగా ఉంటుంది. మా వెనకాల బ్యాండు. మీకు బ్యాండు కనపడుతుంది, బ్యాండుకి మీరు కనపడతారు."

"నన్ను కుండీలా తోసుకెళ్తారా? పెళ్ళివాళ్ళు పెళ్ళి మానేసి?"

"కుండీలయితే మాట్లాడవండీ. అది ఒక్కటే తేడా."

అక్క అంతలా నవ్వడం మాస్టారు చూసి చాలా ఏళ్ళయింది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, ఆ నవ్వు చూసి నాలుగు చక్రాలకి ఒప్పుకున్నారు.

నర్సరీ వెనకాల సందులో సాధన మొదలైంది. బండిలో కూర్చుని మణికట్టు పట్టుకుంటే ఎనభై నాలుగు, ఎనభై. మూడో వారానికి ఒకరోజు డెబ్బై ఆరు కూడా కనపడి పలకరించి పోయింది. బ్యాండు మళ్ళీ మనుషుల్లా వాయించింది. అక్క పిడి పట్టుకుని, ఆ లెక్కకి హాయిగా నడిచింది. మాస్టారు ఇంటికొచ్చి రెండు స్టూళ్ళు దాటుకుని మూడో దాని మీద కూర్చునేవారు. అది ఆ ఇంట్లో పెద్ద వార్త.

పెళ్ళి రోజు పొద్దున రిజిస్ట్రారు ఆఫీసు నిండిపోయింది. "ఈ వివాహానికి మీ సమ్మతి ఉందా?" అని రిజిస్ట్రారు అడిగితే అక్క సమాధానంగా ఇంత పొడుగు ఆవలింత తీసింది. రిజిస్ట్రారు కలం కింద పెట్టాడు. నర్సరీ ఆయన తన బూట్లు చూసుకున్నాడు. "ఉందండీ, ఉంది. మీరు కానివ్వండి" అంది అక్క. జనం గొల్లుమన్నారు. కంటైనరు దించినా అంతే, మొగుణ్ణి కట్టుకున్నా అంతే, ఈవిడ గుండె రాయి అనుకున్నారు.

బయట బండి సిద్ధంగా ఉంది. కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు, చక్రాలకి నూనె పెట్టారు, మెత్త పరిచారు. మాస్టారి కాళ్ళ దగ్గర, అక్క చేతిలో చావకుండా బతికి బట్టకట్టిన ఒకే ఒక్క మొక్క కుండీతో సహా కూర్చుంది. మాస్టారు వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఎదురుగా మూరెడు దూరంలో పిడి పట్టుకుని అక్క, బావ. వాళ్ళ తలల మీంచి పదిహేడు మంది, మెరిసే ఇత్తడి.

మాస్టారు కళ్ళు మూసుకుని మణికట్టు పట్టుకున్నారు.

నూటపన్నెండు.

ఊపిరి పీల్చుకుని మళ్ళీ చూశారు. నూటఇరవై. గాభరా పడితే పెరుగుతుంది, పెరిగితే గాభరా. గోరుచుట్టు మీద రోకలిపోటు. నీళ్ళు తాగారు. ఇంకోసారి చూశారు. ఈసారి లెక్క కూడా అందలేదు. పదిహేడు మంది వాయిద్యాలు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. వీధికి రెండు వైపులా జనం చూస్తున్నారు. నలభై ఏళ్ళు మోసిన మాట గుమ్మం దాకా వచ్చి కాలు జారబోతోంది. మాస్టారికి ఏడుపొచ్చింది. కర్ర డ్రమ్ము పిన్నికి అందిద్దామని చెయ్యి చాచబోయారు.

అప్పుడు పిడి మీద అక్క చెయ్యి కనపడింది. ఈ ఊళ్ళో ఎన్నడూ తొణకని గుండె ఒక్కటే ఉంది, అది మూరెడు దూరంలోనే ఉంది, ఇన్నాళ్ళూ నాకీ బుద్ధి పుట్టలేదే అనుకున్నారు. గబుక్కున ఆవిడ మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

వేళ్ళ కింద ఏదో ఎగిరెగిరి పడుతోంది. తన వేళ్ళలోని దడే అనుకుని పట్టు మార్చి చూశారు. కాదు. అది అక్కదే. మాస్టారు కళ్ళు తెరిచారు. అక్క ముఖం ఎప్పటిలాగే నిమ్మకి నీరెత్తినట్టు ఉంది.

"అక్కా, ఇదేమిటి?"

"ఏది?"

"నీ నాడి. నూటముప్ఫై పైన ఉంది."

అక్క ఆవలించింది. తర్వాత కొంచెం ముందుకి వంగి, తమ్ముడికి మాత్రమే వినపడేలా అంది.

"ఎప్పుడూ అంతేరా."

"ఎప్పుడూ అంటే?"

"క్రేను ఎక్కిన ప్రతిసారీ. భయమేస్తే నాకు ఆవలింతలొస్తాయి, ఏం చేయమంటావు. అందరూ ధైర్యమనుకున్నారు, అనుకోనీలే అని ఊరుకున్నాను. నేను భయపడుతున్నానని తెలిస్తే నువ్వు రాత్రిళ్ళు పడుకునేవాడివా?"

పన్నెండేళ్ళప్పుడు అమ్మా నాన్నా పోయిన మర్నాడు పొయ్యి ముందు కూర్చుని అక్క తీసిన ఆవలింత గుర్తొచ్చింది. తను మొదటిసారి వేదిక ఎక్కిన రోజు ముందు వరసలో కూర్చుని ఆవలించింది, ఆ రోజు తనకి కోపమొచ్చింది కూడా. జ్వరంలో మంచం పక్కన పదకొండు రోజులు. నర్సరీ ఆయన పెళ్ళి మాట ఎత్తినప్పుడు, డాక్టరమ్మ గదిలో, ఇందాక రిజిస్ట్రారు ముందు. ఒక్కొక్క ఆవలింతా వరసగా వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. జన్మంతా నాడి పట్టుకుని బతికినవాడు, ఈ ఒక్క మణికట్టు మాత్రం ఇన్నేళ్ళలో పట్టుకుని చూడలేదు.

"ఇప్పుడూ భయమేనా?" అని అడిగారు.

"సగం భయం. మిగతా సగం ఏమిటో తెలియదు, కొత్తగా ఉంది. బాగానే ఉంది."

"ఈ లెక్కన వాయిస్తే నీ మోకాలు..."

"అరవై ఒక్క ఏళ్ళు ఆగాను. ఇంకా నిదానంగా నడవమంటావా? ఇది నా పెళ్ళి. దీనికి ఎంత తొందరుంటే అంత తొందరగా వాయించు."

మాస్టారు ఎడమచేత్తో అక్క మణికట్టు పట్టుకునే ఉన్నారు. కుడిచేత్తో కర్ర ఎత్తారు.

ఆ నాలుగు వందల అడుగుల గురించి రేవు వీధిలో ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు. డ్రమ్ము పిన్ని మొదటి దెబ్బకే పావురాలన్నీ లేచిపోయాయన్నది నిజం. బాకాల వాళ్ళు పరిగెత్తుతూ వాయించారు, వాయిస్తూ నవ్వారు, నవ్వు బాకాల్లోంచి కూడా వచ్చింది. బండి చక్రాలకి పెట్టిన నూనె మరీ ఎక్కువైనట్టుంది, వీధి పల్లంగా ఉన్నచోట అది తోయకుండానే వెళ్ళింది. అక్క దాన్ని తోస్తోందో, అదే అక్కని లాక్కుపోతోందో చెప్పడం కష్టం. నర్సరీ ఆయన టోపీ ఎగిరిపోతే ఆగలేదు, జీవితంలో మొదటిసారి నెమ్మది మర్చిపోయాడు. మేడల మీంచి తడిబట్టలు ఆరేస్తున్నవాళ్ళు ఆరేయడం ఆపి చప్పట్లు కొట్టారు. గుమాస్తా భార్య గుమ్మంలో నిలబడి, "ఇదీ మా ఆయన్ని పరిగెత్తించిన లయే" అని పక్కావిడకి గర్వంగా చెప్పింది. మాస్టారు వెనక్కి తిరిగి కూర్చుని, ఎటు పోతున్నారో తెలియకుండా, అక్క ముఖమొక్కటే చూస్తూ కర్ర ఊపారు. వేళ్ళ కింద దెబ్బ ఎంత పెరిగితే కర్ర అంత పెంచారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన అంత తప్పు లయ ఎప్పుడూ పట్టలేదు, అంత సంతోషంగా ఎప్పుడూ లేరు.

హాలు దగ్గరికి చేరేసరికి తలుపులు ఇంకా తీయలేదు. లోపల కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. పదిహేడు మందీ మెట్ల మీద కుప్పకూలారు. నర్సరీ ఆయన ఎవరిదో గోడ పట్టుకుని, "నాకు నీళ్ళు" అన్నాడు. అక్క వంగి మోకాలు తడిమి చూసుకుంది.

"వేడెక్కింది. అంతే" అంది, నవ్వు ఆగకుండానే.

మాస్టారికి ఆ సంబరంలో డాక్టరమ్మ చెప్పింది ఒక్కటీ గుర్తులేదు. అక్కని కావలించుకుందామని బండిలోంచి గబుక్కున లేచి నిలబడ్డారు. వెండి చుక్కలన్నీ ఒక్కసారి దిగాయి, వీధి కొంచెం పక్కకి ఒరిగింది, చెయ్యి పిడి కోసం వెతుక్కుంది.

అక్క నవ్వు ఆగింది. నోరు నెమ్మదిగా తెరుచుకోవడం మొదలుపెట్టింది.

"చూశారా, పెళ్ళి రోజు కూడా నిద్రే ఈవిడకి" అని ఎవరో అన్నారు, మళ్ళీ అందరూ నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. ఉన్నచోటనే, మొక్క పక్కన, బుద్ధిగా చతికిలబడ్డారు.

"కూర్చున్నాలే అక్కా" అన్నారు. "ఇదిగో, కూర్చున్నాను."

అక్క ఆవలింత సగంలో ఆగిపోయింది.